ఇష్తియాక్ ఇంట్లో సముద్రం

సముద్రం మాది. చూడటానికి జనం వెళ్ళేది మాత్రం ఇష్తియాక్ ఇంటికి.

మాది బందరు పక్కన గిలకలదిండి. మా నాన్న ఎల్లారావు, ఆయన నాన్న, అంతకు ముందువాళ్ళు అందరూ ఉప్పునీళ్ళ మీద బతికినవాళ్ళే. నేను ఇంటర్ తప్పి, నావ ఎక్కనని మొండికేసి బెజవాడ వచ్చాను. ఏలూరు రోడ్డు సందులో రంగుచేపల కొట్టులో పనికి కుదిరాను. గోల్డ్‌ఫిష్‌ను ప్లాస్టిక్ సంచిలో పోసి, ఆక్సిజన్ పట్టి, రబ్బరుబ్యాండ్ వేసి పిల్లల చేతికివ్వడం నా పని. ఖాళీ దొరికితే చదివేవాణ్ణి. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో సముద్రపు చేపల తొట్ల గురించి లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ, అట్ట ఊడిపోయేదాకా చదివాను. ఆ సంగతులు ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవని నా నమ్మకం. తెలిసి ఏం లాభం? నేనుండేది రేకుల గది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. అందులో సముద్రాన్ని ఎక్కడ పెట్టుకోను?

ఇష్తియాక్ వన్‌టౌన్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్న రాగి గిన్నెలకు కళాయి పూసేవాడు. ఇళ్ళల్లోకి స్టీలు సామాను వచ్చి ఆ పని పడిపోయాక, కొడుకుని ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో పెట్టాడు. కొడుకు ఫ్రిజ్‌లు నేర్చాడు, ఏసీలు నేర్చాడు, చుట్టుపక్కల మంచి మెకానిక్ అనిపించుకున్నాడు. అతను సముద్రాన్ని చూసింది ఒక్కసారే, స్కూలు పిక్నిక్‌లో. ఈత రాదు. చేపల కూర వండితే ముళ్ళు భార్య ఇష్రత్ ఏరిపెట్టాలి. అలాంటివాడు ఒకసారి కంప్రెసర్ సామాను కోసం మద్రాసు వెళ్ళి, అక్కడి కొట్టులో ఉప్పునీళ్ళ తొట్టి చూసి, బస్సు తప్పిపోయేదాకా దాని ముందు నిలబడిపోయాడట. రెండు వేల రెండు వానాకాలంలో మా కొట్టుకొచ్చి, సముద్రపు చేపల్ని ఇంట్లో ఎలా పెంచాలని అడిగాడు. అవి బెజవాడలో బతకవు, కావాలంటే ఫైటర్ చేపని పట్టుకుపొమ్మన్నాడు మా ఓనరు. అతను నవ్వి బయటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

ఆ సాయంత్రం టీ బంకు దగ్గర నాకు తెలిసిందంతా చెప్పేశాను. నీళ్ళు పోయగానే చేపల్ని వేయకూడదనీ, రాళ్ళల్లో, ఇసకలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరిగి చేపల మురికిని తినడం మొదలుపెట్టేదాకా ఆగాలనీ, ఎండకు నీళ్ళు ఆవిరైనా ఉప్పు ఆవిరి కాదు కాబట్టి తరిగినంత మంచినీళ్ళే కలపాలనీ, కుళాయి నీళ్ళల్లో క్లోరిన్ పోయేదాకా నిలవ ఉంచాలనీ చెప్పాను. అప్పటిదాకా నన్నెవరూ ఏదీ అడగలేదు. అడిగేసరికి సంచి కుమ్మరించినట్టు కుమ్మరించాను. నేను అన్ని రాత్రులు తంటాలుపడి నేర్చుకున్నదాన్ని అతను రెండు టీలతో పట్టుకుపోయాడు.

పట్టుకుపోయి ఊరుకోలేదు, చేసి చూపించాడు. ముందు గదిలో నాలుగడుగుల అద్దాల తొట్టి లేచింది. నీళ్ళల్లో జిడ్డును నురగగా పైకి తీసే పరికరం ఒకటి పుస్తకంలో ఉంది. ఆ బొమ్మ నేను కాగితం మీద గీసిస్తే, పీవీసీ పైపు ముక్కలతో అతను తయారుచేశాడు. అది పనిచేసింది కూడా. కరెంటు పోతే గాలి పంపు ఆగకుండా లారీ బ్యాటరీ తగిలించాడు. మా నాన్న వేటకు వెళ్ళినప్పుడు లోపలి నీళ్ళు క్యాన్లలో పట్టించి, చేపల వ్యాను మీద నేను పంపేవాణ్ణి. మద్రాసు నుంచి నారింజ రంగు మీద తెల్లపట్టీలున్న జోకర్ చేపల జంట వచ్చింది. నత్తలు వచ్చాయి. ఎనిమోన్లు రెండు వచ్చాయి. చూడటానికి పువ్వే గానీ అది జంతువు. వేళ్ళలాంటి రేకలు చాచి, అంటుకున్నదాన్ని తింటుంది. జోకర్ చేపల్ని మాత్రం ఏమీ చేయదు. అవి పరుపు మీద పసిపిల్లల్లా దాంట్లో దొర్లుతుంటాయి.

వన్‌టౌన్ అంతా వచ్చి చూసింది. శుక్రవారం నమాజు అయ్యాక మగవాళ్ళు, మధ్యాహ్నాలు ఆడవాళ్ళు, బడి వదిలాక పిల్లలు. సముద్రంలో ఇన్ని రంగులుంటాయా అని ఆశ్చర్యపోయేవాళ్ళు. ఇష్రత్ వదిన అందరికీ టీలు పెట్టలేక విసుక్కుంటూనే, ఎవరైనా రాకపోతే ఏమైందని అడిగేది. నేను మూలన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని నీళ్ళల్లో ఉప్పు పాళ్ళు కొలిచేవాణ్ణి. నన్ను చూపించి ఇతను చేపలవాళ్ళ అబ్బాయి, నీళ్ళు తెచ్చిపెడతాడని ఎవరో అనేవాళ్ళు. ఇష్తియాక్ వెంటనే, కాదు, నాకు గురువు అనేవాడు. ఆ మాట నాకు ఇంకా మండేది. గురువునైతే తొట్టి అతని గదిలో ఎందుకుంది?

ఆ చలికాలం మొదట్లోనే అతను కిందపడ్డాడు. గవర్నర్‌పేటలో ఒక ఇంటి రెండో అంతస్తు సజ్జా మీద నిలబడి ఏసీ దించుతుంటే కాలు జారింది. ప్రాణం దక్కింది గానీ నడుము పాడైంది. బరువు ఎత్తకూడదన్నారు, ఎత్తులెక్కకూడదన్నారు. ఈ రెండూ చేయని ఏసీ మెకానిక్‌ను ఎవరు పిలుస్తారు? ఇంట్లో కూర్చుని చిన్న ఫ్రిజ్‌లు చూసేవాడు. వదిన కుట్టుమిషను తొక్కుతుంటే ఇల్లు గడిచేది. తొట్టి అమ్మేస్తాడనుకున్నాను. అమ్మితే కొనుక్కోవడానికి నా దగ్గరేమీ లేదు, అయినా అమ్మేస్తే బాగుండనుకున్నాను.

అమ్మలేదు సరికదా, ఆ తొట్టే అతనికి దారి చూపించింది. చల్లపల్లి దగ్గర రొయ్యల చెరువులతో పైకొచ్చిన జక్కయ్య గారు బందరు రోడ్డులో హోటలు కడుతున్నాడు. ఎవరో చెబితే వచ్చి తొట్టి చూశాడు. హోటల్లో అడుగుపెట్టగానే ఇలాంటిదే గోడంత పెద్దది కనపడాలన్నాడు. దాన్ని కట్టడం, ఏళ్ళ తరబడి చూసుకోవడం ఇష్తియాక్ పనే. నెలనెలా జీతం. ఎక్కడం లేదు, ఎత్తడం లేదు. అయితే ఒక షరతు పెట్టాడు. చలికాలంలో ఎవరైనా బతికిస్తారు, బెజవాడ వేసవిలో ఇవి బతకాలి, రోహిణికార్తె పోయాక మళ్ళీ వస్తానన్నాడు. వదిన ఆ రోజు నుంచి కుట్టుమిషను తొట్టికి ఎదురుగా జరుపుకుంది. కుడుతూ కుడుతూ తలెత్తి చూసేది.

జక్కయ్య గారు వచ్చినప్పుడు నేను మూలన స్టూలు మీదే ఉన్నాను. ఆయన నా వైపు చూడలేదు.

రెండు వేల మూడు వేసవి గుర్తున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. వడగాడ్పుకి మనుషులే రాలిపోయారు. పొద్దున పదింటికే తొట్టి నీళ్ళు గోరువెచ్చగా అయ్యేవి. నీళ్ళు వేడెక్కితే వాటిలో గాలి నిలవదు. ఎనిమోన్లు ముడుచుకున్నాయి, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ఇష్తియాక్ రెండు రోజులు ఆలోచించి, పాత ఏసీ కంప్రెసర్ ఒకటి బాగుచేసి, రాగి పైపును స్ప్రింగులా చుట్టి, ఆ చుట్టను తొట్టి వెనక భాగంలో నీళ్ళల్లోకి దింపాడు. అతని వృత్తిలో చల్లదనమంటే రాగి పైపే. ఇంకోటి అతనికి తోచే అవకాశమే లేదు.

తెల్లారేసరికి ఎనిమోన్లు రెండూ పళ్ళెమంత విచ్చుకున్నాయి. సందు సందంతా వచ్చింది. ఇంట్లో ఏసీ లేనివాళ్ళు ఎనిమోన్‌కి ఏసీ పెట్టారని నవ్వుకున్నారు. అదే సమయానికి మా అమ్మ అంకాలమ్మ ఎండుచేపలు వేసుకుని బెజవాడ వచ్చి, నన్ను చూడటానికి అక్కడికే వచ్చింది. ఆమె జన్మంతా చచ్చిన చేపల్నే చూసింది. అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు నిలబడి, తర్వాత నా వైపు తిరిగి, "చూడరా, ఒక్కదాన్ని కూడా చంపకుండా ఎంత బాగా పెట్టుకున్నాడో," అంది. నేను పెట్టుకోలేకపోయానన్నట్టు. ఇవన్నీ నేర్పింది నేనేనని ఆమెకు చెప్పబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండా నత్తలు అద్దం మీది నుంచి రాలడం మొదలైంది. తర్వాత ఎనిమోన్ ఒకటి పాలిపోయి, నోరు వెళ్ళబెట్టింది. ఇష్తియాక్ ఎండే కారణమనుకుని కంప్రెసర్ ఇంకా పెంచాడు. ఆ ఎనిమోన్ చచ్చి నీళ్ళు కంపుకొట్టాయి. విచిత్రమేమిటంటే చేపలు హాయిగా తిరుగుతున్నాయి. వదిన నాతో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి, ఆయన అన్నం సరిగా తినడం లేదంది. నేనూ పుస్తకమంతా తిరగేశాను. నా కాపీలో చివరి పేజీలు ఎప్పుడో ఊడిపోయాయి, కారణం దొరకలేదు. నాకు దొరకని జవాబు అతనికీ దొరకదులే అనుకుంటే కొంచెం హాయిగానే ఉండేది.

కారణం నాకు మా ఊళ్ళో కనపడింది. వేసవిలో మరపడవలకు వేట నిషేధం. అప్పుడు పడవల్ని ఒడ్డుకు లాగి, అడుగు గీకి, ఎర్రరంగు వేస్తారు. ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు రేవులో అదే పని జరుగుతోంది. ఆ రంగు ఎందుకో పుట్టినప్పటి నుంచి విన్నదే. అందులో రాగి ఉంటుంది. రాగి ఉంటే పడవ అడుగున గుల్ల పట్టదు, నత్త అంటుకోదు. అంటుకుంటే చస్తుంది. బ్రష్షు పట్టుకున్న మనిషి పక్కనే నిలబడి నేను గట్టిగా నవ్వాను. అతను ఏమైందిరా అన్నాడు.

తిరుగు బస్సు పామర్రు దాటేసరికే ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో సిద్ధం చేసుకున్నాను. ఆ మాట ఇష్తియాక్‌కి విడిగా చెప్పొచ్చు. అలా చెబితే నాకేం మిగులుతుంది? శుక్రవారం దాకా ఆగలేను. సోమవారం వాళ్ళ బంధువులెవరో పెళ్ళిపిలుపుకు వచ్చి గది నిండా ఉన్నారు. అది చాలు.

"భాయ్, వీటిని చంపుతున్నది ఎండ కాదు. నువ్వు," అన్నాను. "నీ రాగి పైపు."

తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన అడ్డొచ్చాడు. "రాగి ఏం చేస్తుంది బాబూ? మా తాతలు రాగి చెంబుల్లో నీళ్ళు తాగలా?"

"తాతలు తాగారండి. నత్తలు తట్టుకోలేవు."

పడవల రంగు సంగతి చెప్పాను. చెబుతూ ఇష్తియాక్ మొహమే చూస్తున్నాను. అది నల్లబడటం చూడాలని వచ్చాను, నల్లబడింది. అతను లేచి, నడుము పట్టుకుని వంగి, పైపు చుట్టను పైకెత్తాడు. అతుకుల దగ్గర పచ్చగా ఉంది. వేలితో రుద్ది చూసుకున్నాడు.

"చిలుం," అన్నాడు. "మా అబ్బా బతుకంతా రాగికి కళాయి పూశాడు. పులుపు తగిలితే విషమవుద్దమ్మా అని గడపగడపకీ చెప్పేవాడు. నేను తీసుకెళ్ళి ఉప్పులో ముంచాను."

వాదించలేదు. ఎండలు తగ్గాక చూద్దామనలేదు. వదినకు ఉర్దూలో ఏదో చెప్పి కంప్రెసర్ ఆపించాడు, రాగి చుట్టను బయటపడేశాడు. తర్వాత నా వైపు తిరిగి, "తమ్ముడూ, ఇంకేం తప్పులున్నాయో అన్నీ చెప్పు," అన్నాడు. నా దగ్గర సిద్ధంగా ఉన్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. అతను అలా అడిగేసరికి ఒక్కటీ పనికి రాలేదు.

రాగి తీసేస్తే విషం ఆగింది గానీ వేడి మళ్ళీ మొదలైంది. మిగిలిన ఒక్క ఎనిమోన్ నిమ్మకాయంత అయింది. అది పోతే జక్కయ్య గారికి చూపించడానికి రెండు చేపలు, బోలెడు రాళ్ళు మిగులుతాయి. వదిన నీళ్ళ సీసాలు గడ్డకట్టించి తొట్టిలో తేలేట్టు వేసింది. ఒక ఫ్రిజ్ చాలక సందులో ఫ్రిజ్ ఉన్న ప్రతి ఇల్లూ సీసాలు పెట్టింది. కరిగినవి తీసుకెళ్ళడం, గట్టివి తేవడం, రోజంతా గుమ్మంలో అదే తిరనాళ్ళ. ఆ రోజుల్లోనే నాకు వడదెబ్బ తగిలి గదిలో పడుకుంటే, పక్కవాటా వాళ్ళు తలుపు ముందు నుంచి నడిచిపోయారు. ఒక ఎనిమోన్ కోసం ఊరు సీసాలు మోస్తోంది.

రాగి కలిసిన నీళ్ళు మార్చాలి. క్యాన్లు రెండు మూడు సరిపోవు. ఇష్తియాక్ నడుముకి పట్టీ బిగించుకుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని, నేనూ వస్తానన్నాడు. ఉయ్యూరు మీదుగా ఆ కుదుపులకు పళ్ళు బిగపట్టుకునే కూర్చున్నాడు. మా నాన్న నన్ను చూసి, ఏరా వచ్చావా అని, అంతటితో వదిలేశాడు. అతన్ని చూసి భుజం మీది తువ్వాలుతో అరుగు దులిపాడు. తెడ్డు వేసే చిన్న నావకు నిషేధం లేదు. ముగ్గురం ఖాళీ క్యాన్లతో లోపలికి వెళ్ళాం.

"కూకోండి సాయిబు గారూ, నిలబడితే నావ ఒప్పదు," అన్నాడు నాన్న. "ఒడ్డు నీళ్ళు మనకొద్దు, బురద. అదుగో ఆ పచ్చగీత కనపడుతుందా? అది దాటాక నీళ్ళు వేరు. కృష్ణకి వరదొచ్చినప్పుడు ఆ గీత చానా దూరం పోద్ది. అప్పుడు మాత్రం నీళ్ళు పట్టుకెళ్ళమాకండి, సగం మంచినీళ్ళే."

అలలు ఏ రంగులో ఉంటే కింద ఇసకో, బురదో, నాలుక మీద ఉప్పు ఎలా తేడా చేస్తుందో, దారి పొడవునా చెబుతూనే ఉన్నాడు. ఆయన అన్ని మాటలు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. బహుశా నాకూ చెప్పే ఉంటాడు. ఇష్తియాక్ మధ్యలో రెండుసార్లు నావ అంచు మీద వాలి కక్కుకున్నాడు. నాన్న తెడ్డు వదిలేసి అతని నుదురు పట్టుకున్నాడు. నేను క్యాన్లు ముంచుతూ అటు చూడలేదు. ఒడ్డుకు వచ్చాక మా అమ్మ చేపల పులుసు పెట్టి, అతని కంచం పక్కన కూర్చుని ముళ్ళు ఏరింది.

నీళ్ళు మార్చాం. వేడి సంగతి ఇష్తియాక్ ఇంకో రకంగా తేల్చాడు. పాత ఫ్రిజ్ డొల్లలో మంచినీళ్ళు పోసి రాగి చుట్టను అందులో పెట్టాడు. ఆ చల్లనీళ్ళ మధ్య నుంచి సన్నటి ప్లాస్టిక్ గొట్టం మెలికలు తిప్పి, తొట్టి నీళ్ళు దాని లోపల పారేట్టు చేశాడు. రాగి ఉప్పుని తాకదు, చల్లదనం మాత్రం తాకుతుంది. ఆ ఉపాయం నా పుస్తకంలో లేదు. పడవ రంగు కనిపెట్టిన గర్వం నాకు వారం కూడా నిలవలేదు.

రోహిణి పోయి, తొలి జల్లు పడ్డాక జక్కయ్య గారు వచ్చాడు. ఎనిమోన్ సాసరంత విచ్చుకుంది, అంతకు మించి రాలేదు. జోకర్ చేప ఒకటి దాంట్లో, ఇంకోటి దాని చుట్టూ. ఆయన చాలాసేపు చూసి, ఈ పువ్వులు రెండుండాలి కదా అన్నాడు. వదిన మిషను మీద చేయి ఆగిపోయింది. ఎండకు పోయిందని చెబితే సరిపోయేది. ఆ ఏడు ఎండకు పోయిందంటే నమ్మనివాడెవడు?

"నేనే చంపుకున్నానండి. రాగి పెట్టి," అన్నాడు ఇష్తియాక్. "తప్పు పట్టింది ఈ అబ్బాయి."

జక్కయ్య గారు మొదటిసారి నా వైపు చూశాడు. తన రొయ్యల చెరువులు ఎన్నిసార్లు తుడిచిపెట్టుకుపోయాయో, కాపలా ఉన్నవాళ్ళు ఎన్ని కథలు చెప్పారో చెప్పుకొచ్చాడు. రొయ్య చచ్చిందని పొద్దున్నే చెప్పినవాడు తనకొక్కడూ దొరకలేదట. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, శ్రావణంలో హోటలు తెరుస్తున్నాం, గోడ కొలతలు తీసుకోవయ్యా అన్నాడు ఇష్తియాక్‌తో. వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

నేను కూడా లేచాను. ఇష్తియాక్ నా చొక్కా పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"నాతో రా. ఇద్దరం చేద్దాం."

"నువ్వు చాలు కదా భాయ్."

"నేనంటే నీకు పడదు. నాకు తెలీదనుకున్నావా? నా తొట్టిని మెచ్చుకునేవాళ్ళు వన్‌టౌన్ నిండా ఉన్నారు. తప్పెక్కడుందా అని చూసేవాడివి నువ్వొక్కడివే. ఓర్వలేనోడి కన్ను డాక్టరు కన్ను తమ్ముడూ. నాకు ఆ కన్ను కావాలి."

నాకు ఒళ్ళు మండింది. పాత కంప్రెసర్‌కీ, పీవీసీ ముక్కకీ పని కల్పించినట్టు నా కుళ్ళుకి కూడా పని కల్పిస్తున్నాడు. దాన్నైనా నాకు వదలడు. వెళ్ళిపోదామనుకున్నాను. రంగుచేపల కొట్టు, రబ్బరుబ్యాండ్లు, సగమే తెరుచుకునే తలుపు గుర్తొచ్చాయి.

"బోర్డు మీద ఎవరి పేరు ముందుంటుంది?" అన్నాను.

"నీదే పెట్టించు," అన్నాడు, ఒక్క క్షణమైనా ఆలోచించకుండా.

పెట్టించాను. హోటలు తొట్టి నిలబడ్డాక రెండు ఆసుపత్రులు, ఒక నగల కొట్టు మమ్మల్ని పిలిచాయి. పంజా సెంటర్ దగ్గర గది తీసుకున్నాం. రోజూ పొద్దున్నే నేనే ముందు వెళ్ళి, ప్రతి తొట్టిలో అతను చేసిన పనిలో లోపం వెతుకుతాను. దొరికిన రోజు నాకు పండగ. అతను శ్రద్ధగా విని, థాంక్స్ చెప్పి, సరిచేసుకుంటాడు. నీళ్ళు మా నాన్నే పంపిస్తాడు. ఫోన్ చేస్తే ముందు సాయిబు గారు బాగున్నారా అంటాడు.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో నా పేరు ముందు, అతని పేరు తర్వాత ఉంటాయి. మెట్లెక్కి వచ్చినవాళ్ళు దాన్ని చదువుతారు. చదివి, కుర్చీలో కూర్చున్న నన్ను చూసి, ఇష్తియాక్ గారు ఎప్పుడొస్తారండీ అని అడుగుతారు.